చేపకి గొడుగెందుకు

నా బుడంకాయకి,

ఈ పిలుపు చూసి మొహం చిట్లించకు. నీకు ముప్పై నాలుగేళ్ళొచ్చినా, ఛార్టులు గీసే ఆఫీసులో నలుగురి మీద పెత్తనం చేస్తున్నా, నాకు మాత్రం నువ్వు నాన్న కత్తిరింపుల బల్ల కింద గుడ్డపీలికల్లో దొర్లే బుడంకాయవే. ఆదివారం ఆదివారం ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, మళ్ళీ ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోన్లో చెబుదామని మూడుసార్లు చూశాను. మొదటిసారి నువ్వు దగ్గావు, మాట ఆ దగ్గు మీదకి మళ్ళింది. రెండోసారి నన్ను నవ్వించేశావు. మూడోసారి నేనే, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని అబద్ధం చెప్పి పెట్టేశాను. కాగితం మీదైతే నువ్వు అడ్డు రాలేవని ఇలా కూర్చున్నాను. చదువుతూ చదువుతూ మధ్యలో ఫోన్ తియ్యకు. చివరిదాకా చదువు.

నాన్చకుండా చెప్పేస్తాను. నీ "చెప్పులు ఊరెళ్ళాయి" పుస్తకాన్ని పోయిన ఏడాది వెనక్కి తిప్పి పంపింది నేనే.

మా ఆఫీసు పద్ధతి నీకు కొంత తెలుసు. పిల్లల పుస్తకం ఏదైనా వస్తే, అచ్చుకి ఒప్పుకునే ముందు పేరున్న అట్ట తీసేసి, ఒక నంబరు వేసి, నాలాంటివాళ్ళ బల్ల మీద పెడతారు. ఎవరు రాశారో చదివేవాళ్ళకి తెలియదు. ఎవరు చదివారో రాసినవాళ్ళకి తెలియదు. నేను పేజీ పేజీకీ తప్పులు పట్టి నోట్సు రాసి, చివర వెయ్యొచ్చో వద్దో ఒక్క ముక్కలో తేల్చి సంతకం లేకుండా ఇచ్చేస్తాను. పదిహేనేళ్ళుగా ఇదే పని. సీతాకోకచిలుకకి ఎనిమిది కాళ్ళు వేసినవాళ్ళని పట్టుకున్నాను. నెలవంకని తప్పువైపు తిప్పినవాళ్ళని పట్టుకున్నాను. నా కన్ను దాటి ఏదీ పోదని ఆఫీసులో పేరు. ఆ పేరు తలుచుకుని లోలోపల మురిసిపోతుంటాను కూడా, నీ దగ్గర దాపరికమెందుకు.

నీది నలభై ఏడో నంబరు. మొదటి పేజీ తిప్పగానే తెలిసిపోయింది. కాకి తోకని చీపురులా వేసేది ఈ భూమ్మీద నువ్వొక్కదానివే. ఆ నిమిషమే లేచి వెళ్ళి, ఇది మా చెల్లెలిది, ఇంకెవరికైనా ఇవ్వండి అని చెప్పాల్సింది. చెప్పలేదు. చదువుతూ కూర్చున్నాను. ఎడమ చెప్పు ఆఫీసుకి వెళితే కుడి చెప్పు స్నానానికి వెళ్ళింది. చేప గొడుగేసుకుని చెరువులో షికారుకి బయల్దేరింది. అగ్గిపెట్టెలో ఏనుగు పడుకుని అటునుంచి ఇటు తిరిగితే, "ఇల్లు ఇరుకండీ, ఏమీ అనుకోకండి" అని అగ్గిపెట్టె బతిమాలుకుంది. చొక్కా గుండీలు నాటితే బుల్లి చొక్కాలు మొలిచాయి. అన్నీ నాన్న మాటలే. కుట్టుమిషను తొక్కుతూ తొక్కుతూ బల్ల కిందికి వంగి నీకు చెప్పిన కోతలే.

ఆ పుస్తకంలో నాన్న ఉన్నాడు. బల్ల కింద నువ్వున్నావు. నేను లేను. ఇరవై నాలుగు పేజీలూ రెండుసార్లు వెతికాను.

నీకు ఎప్పుడూ చెప్పని మాట ఒకటి చెబుతాను. పదేళ్ళప్పటి నుంచీ నేను నాన్న పక్కన కొలతల పుస్తకం పట్టుకుని నిలబడ్డాను. మెళ్ళో టేపు, చేతిలో పెన్సిలు. ఆయన చెప్పేవాడు, నేను రాసేదాన్ని. చెయ్యి పదహారున్నర, నడుము ముప్పై రెండు. ఒక్క అంకె తప్పితే ఎవరిదో చొక్కా పాడైపోతుందని రాసినదాన్నే మళ్ళీ మళ్ళీ సరిచూసుకునేదాన్ని. అదే సమయానికి బల్ల కిందనుంచి నీ కిలకిలలు వినబడేవి. నాన్నకి నాతో కొలతలు, నీతో కోతలు. ఏనాడైనా నాకూ ఒక గుండీ ఇచ్చి నాటుకో అంటాడేమోనని చూసేదాన్ని. నేను బుద్ధిమంతురాల్ని కదా, ఇలాంటివి నాకు అక్కర్లేదనుకున్నాడు. అడిగి ఉంటే దోసెడు గుండీలిచ్చేవాడే. నేనే అడగలేదు.

ఆ కచ్చంతా నీ పుస్తకం మీద తీర్చుకున్నాను. "నాలుగో పేజీ: చేపకి గొడుగెందుకు? నీటిలో ఉన్నది తడవడమేమిటి? సరిచూడగలరు." "ఏడో పేజీ: అగ్గిపెట్టె పొడవు రెండంగుళాలు. ఏనుగు పట్టదు." "తొమ్మిదో పేజీ: గుండీ విత్తనం కాదు. మూడో తరగతి సైన్సు పాఠంతో పొంతన కుదరదు." ఇలాంటివి ఇరవై మూడు. పదకొండో పేజీ ఒక్కదానికే ఏమీ రాయలేకపోయాను. అది కుర్చీకి మోకాళ్ళు నొప్పెడితే నాన్న దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్న పేజీ. అప్పటికి ఆయన పోయి ఏడాది కూడా కాలేదు. ఆ పేజీ గబుక్కున తిప్పేసి, చివర "పిల్లలను అయోమయంలో పడేస్తుంది, ప్రచురణకు తగదు" అని రాసి ఇచ్చేశాను. ఆ నెలలోనే నువ్వు ఫోన్ చేసి, "బొమ్మల పుస్తకాలు మానేశానక్కా. ఇకనుంచి గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీలే గీస్తా" అన్నావు. నేనేమన్నానో గుర్తుందా? మంచి పని చేశావు అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తుకోలేకపోతున్నాను.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, దానికి కారణం మా పిల్ల, ఉడత. మా ఆఫీసుకి ప్రతి పుస్తకమూ రెండు ప్రతులు వస్తాయి. ఒకటి వెనక్కి వెళుతుంది, రెండోది బీరువాలో పడి ఉండి ఏడాది చివర చిత్తుకాగితాల్లో కలుస్తుంది. ఒకవైపు ఖాళీ ఉంటుంది కదా అని ఆ కట్టలు ఇంటికి తెచ్చి ఉడతకి బొమ్మలు వేసుకోమని ఇస్తుంటాను. పోయిన నెల తెచ్చిన కట్టలో నీ పుస్తకం ఉంది. నేను చూసుకోలేదు. ఉడత ఖాళీ వైపు వదిలేసి బొమ్మల వైపు తిప్పింది.

సాయంత్రం వంటింట్లో ఉంటే ముందుగదిలోంచి దాని నవ్వు వినబడింది. ఏమయిందోనని పరుగెత్తుకెళ్ళాను. నేల మీద పడి దొర్లుతోంది. "అమ్మా, చేప గొడుగేసుకుంది. అది ఎప్పుడో తడిసిపోయిందిగా, ఇంకా గొడుగెందుకు దానికి!" అంటోంది. అచ్చం నా నోట్సులో ప్రశ్నే. నేను పళ్ళు కొరుకుతూ రాసిన మాటనే ఐదేళ్ళ పిల్ల కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుతూ చెబుతోంది.

ఒక విషయం నీకు తెలియదు. ఉడత నాతో కథలు చదివించుకోవడం మానేసి చాలా రోజులైంది. మీ బావని అడిగితే నసిగి నసిగి చెప్పారు. "అమ్మ చదివితే మధ్యలో అడుగుతుంది" అందట. నేను ఎన్ని బాతులున్నాయి, ఇదేం రంగు, ఎనిమిది అలాగేనా రాయడం అని అడుగుతూ ఉంటాను, అదీ దాని బాధ. నీ పుస్తకం దగ్గర అంతా తిరగబడింది. అక్కడ తప్పు చేసేది పుస్తకం, సరిదిద్దేది ఉడత. చెప్పులు నడవడానికే గాని ఊరెళ్ళడానికి కాదని, ఏనుగు పెద్దదని, గుండీ మొలవదని దానికి తెలుసు. ఎంతో కష్టపడి ఈ మధ్యనే తెలుసుకుంది. తెలుసని చెప్పుకోవడానికి ఇన్నాళ్ళకి దానికో చోటు దొరికింది. పదిహేనేళ్ళుగా తప్పులు పట్టి జీతం తీసుకుంటున్నాను, అందులో ఇంత సుఖముందని నాకెవరూ చెప్పలేదు. ఇప్పుడు రోజూ పుస్తకం పట్టుకుని నా ఒళ్ళోకి ఎక్కుతోంది. నేను తప్పుగా చదవాలి, అది నన్ను తిట్టాలి. నువ్వు పేజీకొకటి చొప్పున మూలల్లో వేసిన పసుపు పట్టీని మాత్రం పాము అంటుంది. పాము కాదే, అంచుకి వేసిన అలంకారం అని చెప్పి చూశాను. నా మాట లక్ష్యపెట్టకుండా ముందు పాముని పలకరించి అప్పుడే పేజీ మొదలెడుతుంది.

సోమవారం మా పెద్దాయనకి జరిగినదంతా చెప్పబోతున్నాను. మా ఆఫీసుని నడిపే మనిషి, మాట కరుకు. సొంత చెల్లెలి పుస్తకమని తెలిసీ చదివాను గనక ఏమంటారో ఆయన ఇష్టం. నన్ను ఆ బల్ల మీదనుంచి లేపేసినా అది న్యాయమే. నీకు మాత్రం ఒక్కటే చెప్పుకుంటాను. నాతో మాట్లాడకపోయినా భరిస్తాను, బొమ్మలు మానెయ్యకు. చేసిన పనికి నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు. అయినా అడుగుతున్నాను.

నీ అక్క

*

మా కొలబద్ద అక్కయ్యకి,

నువ్వు చెప్పినట్టే మధ్యలో ఫోన్ తియ్యలేదు. తియ్యాలని చెయ్యి దురదపెట్టింది. ఆఫీసులో మూత్రపిండం ఛార్టుకి రంగు వేస్తూ చదివాను. చదవడం అయ్యేసరికి ఒక కిడ్నీ కాస్త పెద్దదయింది. ఇప్పుడు దాన్ని మళ్ళీ గియ్యాలి, ఆ పాపం నీదే.

నీ ఉత్తరానికి జవాబు ఒక్క వాక్యం. నాకు తెలుసు. నోట్సు చేతికి వచ్చిన రోజే తెలుసు. సంతకం లేకపోతేనేం, ఏనుగు పట్టదని చెప్పడానికి అగ్గిపెట్టెని కొలిచి చూసే మనిషి లోకంలో ఇంకొకరున్నారా? రెండంగుళాలట. టేపు పెట్టి కొలిచే ఉంటావు, ఒట్టు.

నవ్వుతూ రాస్తున్నాను గానీ అప్పుడు నవ్వలేదక్కా. నాలుగు రోజులు తిండి సయించలేదు. బొమ్మలు మానేశానని నీకు ఫోన్ చేశానే, అది పచ్చి అబద్ధం. నిన్ను ఏడిపించడానికే అన్నాను. ఏడుస్తావనుకుంటే మంచి పని చేశావన్నావు. అప్పుడు ఫోన్ పెట్టేసి నేనే ఏడ్చాను. నువ్వు నీ తప్పు చెప్పుకున్నావు గనక నాదీ చెప్పుకుంటున్నాను. తెలిసీ ఏడాదిపాటు ఆదివారం ఆదివారం నీతో దగ్గు గురించి మాట్లాడాను. నువ్వెప్పుడు బయటపడతావా అని కాచుక్కూర్చున్నాను. అదేం మంచి బుద్ధి కాదు.

ఇంకోటి. ఇన్ని ఆఫీసులుండగా ఆ పుస్తకాన్ని మీ ఆఫీసుకే ఎందుకు పంపానని నీకు అనుమానం రాలేదా? నీ కంట పడాలనే పంపాను. పేరు లేకుండా నీ బల్ల మీదకి రావాలి, నువ్వు చదువుతూ చదువుతూ ఒక్కసారి గుర్తుపట్టాలి. నన్ను కాదే, నిన్ను.

నువ్వు ఆ పుస్తకంలో లేవా? ప్రతి పేజీలోనూ ఉన్నావు. మీ ఉడత పలకరిస్తోందే, ఆ పాము నువ్వే. అది టేపు అక్కా. నాన్న టేపు, నీ మెళ్ళో ఉండేది. అంగుళాల గీతలు కూడా సన్నగా గీశాను, అద్దాలు తుడుచుకుని చూడు. బల్ల కింద కూర్చున్నదానికి పైన జరిగేదేమీ కనబడదు. నాకు కనబడేది వేలాడుతున్న ఆ పసుపు టేపు కొస ఒక్కటే. అది ఊగుతున్నంతసేపూ అక్క ఉంది, భయం లేదు అనుకునేదాన్ని. నాన్న ఎన్ని కోతలు కోసినా, నువ్వు అక్కడ నిలబడి అన్నీ సరిగ్గా రాసుకుంటున్నావు గనకే నాకు హాయిగా ఉండేది. నువ్వు ఆడపిల్ల బొమ్మ కోసం వెతికి ఉంటావు. కన్ను దాటి ఏదీ పోదని పేరున్న మనిషివి, పేజీకొకసారి చొప్పున ఇరవై నాలుగుసార్లు నిన్ను నువ్వు దాటేశావు. ఈ సంగతి మీ ఆఫీసులో చెప్పనులే.

నీ నోట్సు సంగతి. చించేద్దామనుకున్నాను. మా ఆఫీసు పక్కన పనివాళ్ళ పిల్లల్ని ఉంచే గది ఒకటుంది. మధ్యాహ్నం భోజనం అయ్యాక వాళ్ళకి బొమ్మలు చూపిస్తుంటాను. ఒకరోజు కసి కొద్దీ నీ నోట్సు నీ గొంతుతోనే చదివాను. "గుండీ విత్తనం కాదు, సరిచూడగలరు." అంతే, గది గదంతా ఎగిరిపడింది. నా కథకంటే నీ నోట్సుకే ఎక్కువ నవ్వారు. కొందరు నోట్సు వైపు చేరి కాదు కాదు అని అరిచారు, కొందరు ఏనుగు వైపు చేరి పడుతుంది పడుతుంది అని అరిచారు. ఒక పిల్ల ఇంటినుంచి అగ్గిపెట్టె తెచ్చింది, నిజంగా కొలవడానికి. అప్పుడు తెలిసింది, నా పుస్తకంలో సగమే ఉందని. కాదని గట్టిగా చెప్పేవాళ్ళు పక్కన లేకపోతే కోతలకి రుచేముంటుంది? మనింట్లో ఆ రెండూ ఉండేవి.

అందుకని పుస్తకం మళ్ళీ గీశాను. దీంతోపాటు పంపుతున్నాను. ఇప్పుడు టేపుకి నోరుంది. ప్రతి పేజీలో మూలనుంచి తలెత్తి నీ నోట్సు చదువుతుంది. ఒక్క ముక్క మార్చలేదు, సరిచూడగలరు అన్నది కూడా వదల్లేదు. అట్ట మీద ఇద్దరి పేర్లూ వేశాను. నీకు ఇష్టం లేకపోతే చెప్పు, వినను.

పదకొండో పేజీలో మాత్రం టేపు నోరు మూసుకునే ఉంది, నువ్వేమీ రాయలేదు కాబట్టి. నీ బదులు నేను రాద్దామని కూర్చుంటే చేతకాలేదు. అది నువ్వే రాయాలి. రాసే ముందు, ఆ పేజీలో పాము ఎక్కడుందో, ఏం చేస్తోందో ఉడతని అడుగు.

క్షమించడం గురించి అడిగావు. అలిగానంతే, అది కూడా అయిపోయింది.

నీ బుడంకాయ

*

బుడంకాయ్,

ముందు సోమవారం సంగతి. పెద్దాయన మొత్తం విని, అద్దాలు తీసి తుడుచుకుని, "ఆ నోట్సు నాకు గుర్తుందమ్మా. అప్పుడే నవ్వొచ్చింది. మీరు మరీ అంత కోపంగా రాశారు కదా, నవ్వితే బావుండదని ఊరుకున్నాను" అన్నారు. తరవాత మొహం ముడిచి, తెలిసి చదవడం తప్పేనని ఇంకో పది నిమిషాలు చీవాట్లు పెట్టారు. మూడు నెలలపాటు కొత్త పుస్తకాలు నా బల్ల మీదకి రావు, పాతవాటి అచ్చుతప్పులే దిద్దాలి. నీ కొత్త పుస్తకం వచ్చాక ఆయనకి చూపించాను. అది నాకు తెలియని ఇంకెవరి చేతికో వెళుతుంది. వాళ్ళు వేద్దామంటారో వద్దంటారో నా చేతుల్లో లేదు. అట్ట మీద నా పేరు చూసి మళ్ళీ అద్దాలు తుడుచుకున్నారు.

ఉడతని అడిగాను. పదకొండో పేజీ తీసి చూపించి, "పాము ఎక్కడుందే?" అంటే, ఇంత చిన్న ప్రశ్నా అన్నట్టు నావైపు చూసి, కుర్చీ ఊడిన కాలు దగ్గర వేలు పెట్టింది. "ఇదిగో. నోట్లో మేకులు పట్టుకుంది చూడు. మూడు."

నేనూ వేలు పెట్టి మేకులు లెక్కపెట్టాను, అప్పుడు గుర్తొచ్చింది. కుర్చీ కాలు ఊడిపోయిన రోజు, నాన్న నేల మీద కూర్చుని, దాన్ని ఒళ్ళో తిరగేసి పెట్టుకుని మేకులు కొట్టాడు. దీనికి మోకాళ్ళ నొప్పులమ్మా, ఇన్నాళ్ళు నన్ను మోసింది, కాసేపు నేను మోస్తాను అని బల్ల కిందకి చూసి నీతో అన్నాడు. మేకులు పట్టుకుని పక్కన నిలబడింది నేను. నాన్న చెయ్యి చాపినప్పుడల్లా ఒకటి అందించాను. చివరి మేకు దిగాక నా నెత్తి మీద చెయ్యి వేసి, "మా పెద్దది లేకపోతే ఈ దుకాణం కూలిపోతుంది" అన్నాడు. ఇన్నేళ్ళూ నీతో అన్న మాటే గుర్తుపెట్టుకున్నాను. నాతో అన్నది మర్చిపోయాను. నువ్వు బల్ల కిందనుంచి మేకుల్ని కూడా లెక్కపెట్టావు.

ఆ పేజీకి నోట్సు ఎందుకు రాయలేకపోయానో ఇప్పుడు తెలిసింది. అందులో తప్పు లేదు. అది కోత కాదు, జరిగిందే. ఉడతకి చెబితే నమ్మలేదు. కుర్చీ ఒళ్ళో కూర్చోవడమేమిటమ్మా, నువ్వు కూడా కోతలు కోస్తున్నావు అని నవ్వింది. నన్ను ఎవరూ ఆ మాట ఎప్పుడూ అనలేదు. సంతోషం పట్టలేక దాన్ని ఎత్తుకుని ముద్దుపెట్టుకున్నాను. తరవాత ఇద్దరం వెళ్ళి కుండీలో ఒక గుండీ నాటాం. రోజూ నీళ్ళు పోస్తోంది, మొలవదని దానికి బాగా తెలుసు.

నువ్వడిగిన నోట్సు కింద రాస్తున్నాను. టేపు చేత చదివించు. ఒక్క ముక్క మార్చకు.

"పదకొండో పేజీ: నాన్న ఒళ్ళో కుర్చీ. టేపు పెట్టి కొలిచాను. కుర్చీ పట్టింది. ఇంకా ఇద్దరు ఆడపిల్లలకి చోటుంది. సరిచూశాను. సవరణ అక్కర్లేదు."

అక్క